మళ్లీ మొలిచిన పిత్తాశయం

రెండు వేల ఎనిమిదో సంవత్సరం మాట. అప్పుడు నేను మస్కట్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో సీటీ స్కాన్ రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. రేడియోగ్రాఫర్ అంటే స్కాన్ తీసే మనిషి. ఆ స్కాన్ చూసి రిపోర్టు రాసేవారు రేడియాలజిస్టు. ఆయన డాక్టరు, నేను కాదు. రాజమండ్రిలో మా అత్తగారికి ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. కోడలు మస్కట్‌లో పెద్ద డాక్టరని వీధి వీధంతా చాటింపు వేసింది. మొదట్లో సరిదిద్దేదాన్ని, తరువాత విసుగొచ్చి ఊరుకున్నాను.

ఆ ఏడాది మా విభాగానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. లివర్‌ని కొలిచే సాఫ్ట్‌వేర్. దాన్ని వాల్యూమెట్రీ అంటారు. సీటీ స్కాన్ మనిషి పొట్టను అడ్డంగా పలచటి ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీస్తుంది. అంతకుముందు ఒక్కొక్క ఫోటోలో లివర్ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మౌస్‌తో చేత్తో గీసేవాళ్లం. ఒక్క మనిషి లివర్ గీసేసరికి పూటంతా అయిపోయేది, మణికట్టు లాగేసేది. కొత్తది అలా కాదు. ఒక బటన్ నొక్కితే చాలు, లివర్ ఎక్కడుందో అదే వెతుక్కుని, ఆకుపచ్చ రంగు పూసి, అన్ని ముక్కలూ కలిపి కింద ఒక అంకె చూపించేది. అప్పుడప్పుడు పక్కనున్న కడుపు గోడను కూడా లివర్ అనుకునేది. ఆ కాస్త చెరిపితే సరిపోయేది.

లివర్‌ని కొలవడం ఎందుకంటే, మన ఒంట్లో లోపలి అవయవాల్లో ఇంతగా మళ్లీ పెరిగేది అదొక్కటే. ఆపరేషన్‌లో సగానికి పైగా తీసేసినా, మిగిలిన ముక్క కొన్ని నెలల్లో పెరిగి దాదాపు మునుపటి కొలతకు వస్తుంది. కోసేసిన భాగం మాత్రం తిరిగి రాదు. మిగిలిందే లావెక్కి, ఖాళీ అయిన చోటులోకి జరుగుతుంది. ఆకారం మారిపోతుంది, పని మాత్రం మామూలుగా సాగుతుంది. ఎంత పెరిగిందో తెలిస్తేనే ఆ మనిషిని మళ్లీ పనికి పంపవచ్చో లేదో సర్జన్ తేల్చగలడు.

మా సర్జన్ డాక్టర్ హిలాల్. ఒమానీ మనిషి, లివర్ ఆపరేషన్లు విదేశంలో నేర్చుకుని వచ్చారు. ఆయనకు ఆ సాఫ్ట్‌వేర్ అంటే ఎంత ముచ్చటో చెప్పలేను. అంకె రాగానే తనే ఫోన్ చేసి అడిగేవారు, చెప్పగానే షుక్రన్, అంటే థాంక్స్, అని నవ్వేవారు.

నర్సయ్య ఆయన పేషెంటు. జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, ముప్పై దాటిన వయసు, మస్కట్ శివారు మబేలాలో కంపెనీ రూమ్‌లో ఉంటూ మేస్త్రీ పని చేసేవాడు. సైట్‌లో కాంక్రీటు పోయడానికి బిగించే ఇనుప షట్టరింగ్ ప్లేట్ జారి కుడి డొక్క మీద పడింది. రెండు పక్కటెముకలు విరిగాయి, లోపల లివర్ కుడి సగం నుజ్జయిపోయింది. డాక్టర్ హిలాల్ ఆ సగం తీసేసి ప్రాణం నిలబెట్టారు. లివర్ కుడి భాగం కిందే పిత్తాశయం అతుక్కుని ఉంటుంది, అదే గాల్‌బ్లాడర్. దాన్ని కూడా దాంతోపాటు తీసెయ్యాల్సి వచ్చింది.

ఆపరేషన్ అయిన వారానికి తీసిన స్కాన్ నేనే చేశాను. మిగిలిన లివర్ మామూలు దానిలో మూడోవంతుకు కాస్త ఎక్కువ ఉంది. తెలుగులో మాట్లాడేసరికి నర్సయ్య ముఖం విప్పారింది. మిగిలిన ముక్క పెరుగుతుందని, భయం లేదని, మూడు నెలలకు మళ్లీ స్కాన్ ఉంటుందని వివరంగా చెప్పాను. తలకాయ ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. అన్నీ విన్నాక ఒకే ఒక్క మాట అడిగాడు.

“మేడం, అప్పుడు తీసే స్కానింగుల ఫెయిలైతే ఏం జేస్తరు?”

స్కాన్‌లో ఫెయిలవడం ఏమిటయ్యా, ఇదేమన్నా టెన్త్ క్లాసు పరీక్షా అని నవ్వేశాను. అతను నవ్వలేదు. అప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు, నొప్పితో ఉన్నాడు కదా అనుకున్నాను.

కంపెనీ పీఆర్వో మధ్యమధ్యలో వచ్చేవాడు. పీఆర్వో అంటే వీసాలు, కాగితాలు, ఆసుపత్రులు, పోలీసు స్టేషన్లు చూసుకునే మనిషి. ఈయనది మంగళూరు వైపు. చెడ్డవాడనను, కానీ మనిషికంటే కాగితానికి విలువిచ్చే రకం. సైట్‌లో తేలిక పని అంటూ ఏదీ ఉండదని, ఫిట్ అని రాసిస్తే డ్యూటీ, అన్‌ఫిట్ అని రాసిస్తే ఇంటికి టికెట్టు అని హిందీలో నర్సయ్య ఎదురుగానే డాక్టరుతో చెప్పాడు. నర్సయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మూడు నెలలు గడిచాయి. అప్పట్లో ఒమాన్‌లో వారాంతం సెలవు గురు, శుక్రవారాలు. బుధవారం మధ్యాహ్నం నర్సయ్య స్కాన్ ఉంది. ఆ పూట నాకు సెలవు, నా బదులు మారిసెల్ డ్యూటీలో ఉంది. మారిసెల్ ఫిలిప్పీన్స్ అమ్మాయి, పనిలో చాలా జాగ్రత్త గలది. ఆ స్కాన్‌కి కాంట్రాస్ట్ ఎక్కించాలి, అంటే రక్తనాళాలు స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఇచ్చే మందు. అది కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీలు బాగోలేనివాళ్లకు అది ఇస్తే ఉన్న కాస్త కిడ్నీ కూడా మూతపడే ప్రమాదం ఉంది. అందుకే ముందు రోజు రక్తపరీక్ష చేసి క్రియాటినిన్ చూస్తాం. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే లెక్క అది. నర్సయ్య మంగళవారం వచ్చి రక్తం ఇచ్చాడు. క్రియాటినిన్ చక్కగా ఉంది. బుధవారం స్కాన్ అయింది, కొలతలు తీసే పని నాకోసం ఉంచి మారిసెల్ ఇంటికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున్నే నేను వర్క్‌స్టేషన్ ముందు కూర్చుని నర్సయ్య పేరు తెరిచాను. బటన్ నొక్కాను. లివర్ ఆకుపచ్చగా నిండింది, కింద అంకె వచ్చింది. పద్నాలుగు వందల మిల్లీలీటర్ల పైచిలుకు. నిండు మగవాడి నిండు లివర్. డెబ్బై, ఎనభై శాతానికి వస్తే గొప్ప అనుకున్నది, వందకు వంద వచ్చింది. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. అంచులు సరిచూసుకోవడం తరువాత, ముందు ఆయన చెవిన వేద్దామని డాక్టర్ హిలాల్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒకసారి కాదు, రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. ఇలాంటిది తాను ఇంతవరకు చూడలేదని, డాక్టర్ల సమావేశంలో చూపించాలని, ఇప్పుడే కిందికి వస్తున్నానని అన్నారు. పీఆర్వోకు మంచి కబురు చెప్పమని సెక్రటరీకి కూడా పురమాయించారట.

కాఫీ కప్పు చేత్తో పట్టుకునే వచ్చారు. నా వెనక నిలబడి ఫోటోలు పైనుంచి కిందికి జరపమన్నారు. జరుపుతున్నాను. లివర్ కుడి భాగం కనబడింది, నున్నగా, నిండుగా. ఆయన కాఫీ తాగడం ఆపారు. ఇంకా కిందికి జరిపాను. లివర్ కింద చిన్న వంకాయలా నల్లగా పిత్తాశయం కనబడింది.

  లివర్ పెరుగుతుంది, అది శాస్త్రం. తీసేసిన పిత్తాశయం మళ్లీ మొలవడమన్నది లోకంలో లేదు.

“దీన్ని నేనే నా చేత్తో తీసి ట్రేలో పెట్టాను, సిస్టర్ విజయా,” అన్నారు డాక్టర్ హిలాల్ నాతో మెల్లగా.

మొదట యంత్రం మీద అనుమానపడ్డాం. వేరే ఎవరి స్కానో నర్సయ్య పేరు కింద చేరిందేమోనని బుధవారం నాటి స్కాన్లన్నీ తెరిచి చూశాం. అవన్నీ ఎవరివి వాళ్లకే ఉన్నాయి. నర్సయ్య ఆపరేషన్‌లో రక్తనాళాలు మూయడానికి వేసిన చిన్న చిన్న లోహపు క్లిప్పులు ఫోటోలో తెల్లగా మెరవాలి. ఒక్కటీ లేదు. విరిగిన పక్కటెముకలు అతుక్కున్నచోట బొడిపెలు ఉండాలి. అవీ లేవు. ఎముకలు ఎక్కడా దెబ్బ తగలనట్టు ఉన్నాయి. అంటే బల్ల మీద పడుకున్న మనిషి నర్సయ్య కాదు.

మారిసెల్‌ను పిలిచి అడిగాను. ఆ అమ్మాయి జరిగింది జరిగినట్టు చెప్పింది. వచ్చిన మనిషి చేతిలో నర్సయ్య లేబర్ కార్డు ఉంది. పేరు అడిగితే నర్సయ్య అన్నాడు, పుట్టిన తేదీ తడుముకోకుండా చెప్పాడు. కార్డు మీద ఫోటో పాతది, మీసమున్న మగవాళ్లందరూ ఒకలాగే కనిపించే సైజు. ఆసుపత్రి గౌను వేసుకుని వచ్చి బుద్ధిగా పడుకున్నాడు. ఇక్కడ ఆడవాళ్లం మగ పేషెంటు గౌను ఊరికే పైకెత్తి చూడం, పద్ధతి కాదు. మందు ఎక్కించే ముందు మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ హిందీలో అడిగింది. షుగర్ ఉందా, లేదు. కిడ్నీ జబ్బు ఉందా, లేదు. ఈ మందు ముందెప్పుడన్నా ఎక్కించారా, ఎక్కించారు, ఏమీ కాలేదు. అన్నీ కరెక్టుగానే చెప్పాడు. కాకపోతే అవన్నీ నర్సయ్య సంగతులు.

 ఈ మనిషెవరో పోల్చుకోవడానికి ఏదైనా గుర్తు దొరుకుతుందేమోనని డాక్టర్ హిలాల్ ఫోటోలు ఇంకా కిందికి జరపమన్నారు. కిడ్నీలు వచ్చాయి. పిడికిలంత ఉండాల్సినవి ఎండిన చింతకాయల్లా కుంచించుకుపోయి, అంచులు ముడతలు పడి ఉన్నాయి. రెండూ అంతే. ఇలాంటి కిడ్నీలకు క్రియాటినిన్ చక్కగా ఉండే అవకాశమే లేదు. రక్తం ఇచ్చింది నర్సయ్య. మందు ఎక్కింది ఇంకొకరికి. ఎక్కి మూడు రోజులు కావస్తోంది.

డాక్టర్ హిలాల్ కోపంతో బల్ల మీద కొట్టారు. ఆయన అంత గట్టిగా అరవగా నేను అంతకుముందు వినలేదు. కాసేపటికి తమాయించుకుని కూర్చున్నారు. దొంగ పేరుతో వైద్యం చేయించుకోవడం ఇక్కడ చిన్న నేరమేం కాదు, పోలీసుల దాకా పోతుంది. ఆ భయంతోనే వాళ్లు నోరు విప్పకపోవచ్చని ఇద్దరికీ తెలుసు. పోలీసుల సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ మనిషి దొరకాలి, నీ భాషలో నువ్వే మాట్లాడు అని ఫోన్ నా ముందుకు తోశారు.

నర్సయ్య రెండో రింగుకే ఎత్తాడు. నేను ఫలానా అని చెప్పగానే రిజల్ట్ వచ్చిందా అని ఆత్రంగా అడిగాడు. బుధవారం స్కాన్‌కి ఎవరు వచ్చారని అడిగాను.

“నేనే అచ్చిన మేడం. నాదే స్కానింగ్.”

నీ స్కాన్‌లో పిత్తాశయం కనబడుతోంది, నీకు అది లేదు కదా నర్సయ్యా అన్నాను. మేడం నాకు అదంతా తెల్వది, నేనే పండుకున్న, ఆ ఫిలిప్పీనో మేడంను అడుగుండ్రి అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ కోప్పడితే ఫోన్ పెట్టేస్తాడు. గొంతు తగ్గించుకుని, ఎవరు వచ్చారని నేను ఇంక అడగను, పోలీసులకు చెప్పను, కంపెనీకి చెప్పను, ఒక్క మాట విను అన్నాను. ఆ రోజు బల్ల మీద పడుకున్న మనిషికి రెండు కిడ్నీలూ చెడి ఉన్నాయి, మేం ఎక్కించిన మందు అతనికి విషమైపోతుంది, ఇప్పుడే తీసుకురాకపోతే బతకడు అని చెప్పాను.

“నాకేం గాలేదు మేడం, మంచిగున్న,” అన్నాడు.

“నీకు కాదు నర్సయ్యా.”

 ఫోన్‌లో అతని వెనకాల ఎవరో ఓకరించుకుంటున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

“మా బావ, మేడం,” అన్నాడు చివరికి.  “రెండు దినాల సంది ఒంటికి అస్తలేదంటుండు. ముఖం ఉబ్బింది. అన్నం నోట్ల వెడితే కక్కుతుండు. ఎండదెబ్బ అనుకున్నం. గీడనే నా పక్కకు పండుకొని ఉన్నడు.”

అంటే ఆ మనిషి మూత్రం రాక పక్క మంచం మీద పడి ఉంటే, పక్కనే కూర్చుని నర్సయ్య స్కాన్ నాదేనని నాతో వాదించాడు. నేను డాక్టరు ముఖం చూశాను. ఆయనకు తెలుగు రాదు. కానీ నా ముఖం చూసే అర్థమైందేమో, అంబులెన్సుకు ఫోన్ చేయడానికి లేచారు.

బావ పేరు గంగరాజం. నర్సయ్య సొంత అక్క భర్త. అదే కంపెనీలో స్టీల్ కట్టే పని. స్ట్రెచర్ మీద దించినప్పుడు చూశాను. వెడల్పాటి భుజాల మనిషి, కళ్లు పూర్తిగా తెరుచుకోనంతగా ముఖం వాచిపోయింది. నర్సయ్య పక్కనే నడుస్తూ ఈసారి ఇద్దరి కార్డులూ చేత్తో పట్టుకుని, ఇది బావది, ఇది నాది అని కనబడిన ప్రతి నర్సుకూ చూపిస్తున్నాడు. ఆ వేళే డయాలసిస్ మొదలుపెట్టారు. రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఎక్కించడమన్నమాట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని కిడ్నీ డాక్టరు చెప్పారు.

పీఆర్వోకు కబురు తెలిసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరినీ పోలీసులకు అప్పజెప్పాలని, కంపెనీ పరువు పోయిందని వరండాలోనే రుసరుసలాడాడు. డాక్టర్ హిలాల్ ఆయన్ని పక్కకు తీసుకెళ్లి అరబ్బీలో ఏదో మాట్లాడారు. నాకు అర్థమైనంతవరకు, బతాకా మీద ఉన్న పేరుకు తాను వైద్యం చేయనని, మనిషికి చేస్తానని, మనిషి లేచి కూర్చున్నాక మిగతా మాటలు మాట్లాడుకుందామని అన్నారు. బతాకా అంటే కార్డు. పీఆర్వో తగ్గాడు. పోలీసుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వార్డు బయట కుర్చీలో నర్సయ్యను కూర్చోబెట్టి, ఎందుకు ఇంత పని చేశావని అడిగాను. అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు, అడగకుండా మాత్రం ఉండలేకపోయాను.

చొక్కా ఎత్తి ఆపరేషన్ మచ్చ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఎముకలు విరిగిన చోట చిన్న గుంటలా ఉంది. రోజూ పొద్దున లేవగానే అక్కడ వత్తి చూసుకునేవాడట. బల్లి తోక తెగిన చోటే మళ్లీ మొలుస్తుంది కదా, అలాగే లివర్ కూడా తీసిన చోటే మొలుస్తుందని అతని లెక్క. మూడు నెలలైనా ఆ గుంట పూడలేదు. లివర్ పెరగలేదని, స్కాన్ ఫెయిలని, అన్‌ఫిట్ రాసి పంపేస్తారని తనకు తానే తేల్చేసుకున్నాడు. నేను ఆ రోజు అంత విడమరిచి చెప్పిన మాటలన్నీ ఆ గుంట ముందు ఓడిపోయాయి.

అప్పుడు గంగరాజమే ముందుకొచ్చాడట. నా ఒళ్లు గట్టిది, నాకు ఏ రోగం లేదు, నీ బదులు నేను పండుకుంట అన్నాడట. రక్తం ఇవ్వడానికి మాత్రం నర్సయ్యకు భయం లేదు. రక్తంలో లివర్ ఎంత పెరిగిందో తెలియదు కదా అనుకున్నాడు. అందుకని రక్తం తనే వచ్చి ఇచ్చిపోయాడు.

రోగం లేదని మీ బావకు ఎలా తెలుసు, ఎప్పుడన్నా పరీక్ష చేయించుకున్నాడా అని అడిగాను. నర్సయ్య తల దించుకున్నాడు.

“మేం బయలెల్లేటప్పుడు ఇద్దరికీ ఒక్కరోజే మెడికల్ అయింది మేడం. నాది పాసైంది. బావది ఒంటేలు పరీక్షల ఫెయిలైంది. ఏజెంటు ఇంకోపాలి సీసా నింపుకొని రమ్మన్నడు. ఆ సీసా నేను నింపిచ్చిన.”

 గల్ఫ్‌కి పంపేముందు చేసే ఆ మెడికల్ పరీక్షలో, మూత్రంలో తేడా ఉందని ఆ రోజే తెలిసింది. కిడ్నీలు అప్పటికే చెడుతున్నాయని చెప్పే మొదటి గుర్తు అది. మందులు వాడితే, ఉప్పు తగ్గిస్తే, ఎండలో ఇనుప కడ్డీలు కట్టే పనికి రాకుండా ఉంటే ఎన్నో ఏళ్లు గడిచిపోయేవి. ఒకడు మూత్రం ఇచ్చాడు, ఇంకొకడు బదులుగా ఒళ్లు ఇచ్చాడు. అంతా ప్రేమతోనే. ఒకరికొకరు మేలు చేసుకుంటున్నామనుకుని వాళ్లు చేసింది తలచుకుంటే నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. చిన్నదానిలా వెళ్లి బాత్రూంలో ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చాను.

పది రోజుల తరువాత నర్సయ్య అసలు స్కాన్ చేశాం. ఈసారి మారిసెల్, నేను ఇద్దరం ఉన్నాం. గౌను పక్కకు తప్పించి మచ్చ చూసి మరీ బల్ల ఎక్కించాం. బటన్ నొక్కాను. లివర్ ఆకుపచ్చగా నిండింది. వంకరగా, ఎడమ నుంచి కుడికి ఒరిగిపోయి, చూడటానికి లివర్‌లా లేదు. పిత్తాశయం లేదు, క్లిప్పులు మెరుస్తున్నాయి. అంకె వచ్చింది. నూటికి ఎనభై అయిదు దాటింది. డాక్టర్ హిలాల్ ఈసారి రెండుసార్లు అడగలేదు, తనే వచ్చి కూర్చుని ప్రతి ఫోటో చూసుకున్నారు. చూశాక ఫిట్ అని సంతకం పెట్టారు. ఆ బుధవారం తనే వచ్చి పడుకుని ఉంటే నర్సయ్యకు అదే సంతకం దొరికేది.

గంగరాజానికి మూత్రం రావడం మెల్లగా మళ్లీ మొదలైంది. డయాలసిస్ ఆపగలిగారు. కానీ కిడ్నీలు ఇక ఎన్నాళ్లో పనిచేయవని, ఎప్పుడో ఒకప్పుడు జీవితాంతం డయాలసిస్ తప్పదని కిడ్నీ డాక్టరు చెప్పేశారు. కంపెనీ ఆయనకు టికెట్టు తీసింది. ఫిట్ అయినవాడు ఉండిపోయాడు, ఏ జబ్బూ లేదనుకున్నవాడు వెళ్లిపోయాడు.

బావను ఎయిర్‌పోర్టులో ఎక్కించి వచ్చిన మర్నాడు నర్సయ్య మా విభాగానికి వచ్చాడు. స్కాన్ బొమ్మ ఒకసారి చూపిస్తారా అన్నాడు. తన లివర్ చూపించాను. ఇది నీదే, ఇదంతా కొత్తగా పెరిగిందే అని వేలితో చూపించాను. సంతోషపడతాడనుకున్నాను. అతను ఆ ఆకుపచ్చ రంగును చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

“గిట్లనే బావ కిడ్నీలు గూడ పెరుగుతయా మేడం? ఎన్ని నెలలు వడ్తది?”

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పేషెంట్లు నన్ను ఎన్నో అడిగారు. నేను చెప్పలేనివి డాక్టర్ని అడగమని తప్పించుకునేదాన్ని. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు నాకు బాగా తెలుసు. పెరగవు నర్సయ్యా అని చెప్పాను. లివర్ ఒక్కటే పెరుగుతుంది అన్నాను. అతను లేచి డ్యూటీకి వెళ్లిపోయాడు.

మా గదికి వచ్చేవాళ్లంతా ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి వస్తారని నేను అనుకునేదాన్ని. గల్ఫ్‌కి వచ్చే కూలి మనిషికి ప్రతి స్కానూ ఒక మెడికలే, పాసో ఫెయిలో అంతే. తెలుసుకోవడం అతనికి భయం, పాసవడం అవసరం. పాసయ్యేవాడు ఎవరో వెతికి తన బదులు అతన్ని పంపుతాడు. అప్పటి నుంచి నేను పేరు, పుట్టిన తేదీ అడిగాక ఆగను. ఎక్కడ ఆపరేషన్ అయింది, ఒకసారి చెయ్యి పెట్టి చూపించు అంటాను. మందు ఎక్కించే ముందు, ఈ మందు కార్డులోకి పోదు నాయనా, నీ ఒంట్లోకే పోతుంది, ఇప్పుడన్నా చెప్పు అంటాను. చాలామంది వింతగా చూసి నవ్వుతారు. కానీ ఇన్నేళ్లలో ఇద్దరు మాత్రం ఆ మాట విని బల్ల దిగి, ఏమీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు.